అవతలివాడి మాట

శాంత గురించి మాట్లాడమని సూరత్ తెలుగు సంఘం వాళ్లు నన్ను అడగలేదు. అడగవలసింది. ఇక్కడి లింబాయత్ పేటలో మగ్గాల వరసలో పక్కపక్క గదుల్లో పెరిగినవాళ్లలో, ఆమెను గౌను తొడిగిన వయసు నుంచి ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ సంగతి సంఘం అధ్యక్షుడికి తెలుసు. అతను నా దగ్గర తెలుగు బడిలో చదువుకున్నవాడే. అయినా అమెరికా నుంచి ఆమె పోయిన కబురు వచ్చిన పొద్దునే, నాకు ఒక్క మాట చెప్పకుండా, ఫోన్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టించాడు. మధ్యలో సైనిక దుస్తుల్లో శాంత, వెనక అమెరికా జెండా, పైన ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించిన హెలికాప్టరు, కింద 'సూరత్ తెలుగు వీరవనితకు జోహార్లు' అని పెద్ద అక్షరాలు. మధ్యాహ్నానికల్లా ఇంకొకతను దాని కిందే రాశాడు, ఇరాక్‌ను బూడిద చేసిన సైన్యంలో జీతం తిన్న మనిషికి మనం జోహార్లు చెప్పడమేమిటని. పొద్దుగూకే వేళకు గ్రూపు రెండుగా చీలి, ఒకళ్ల తల్లిదండ్రులను ఒకళ్లు తలుచుకునేదాకా వచ్చింది. ఆ రెండు గుంపుల్లో ఒక్కరు కూడా శాంతను ఎరగరు. ఆమె సూరత్ విడిచేనాటికి వాళ్లలో చాలామంది పుట్టలేదు.

సంఘం అడగకపోయినా ఆమె అడిగింది. పోవడానికి కొన్ని వారాల ముందు, ఫోన్‌లో, తన మాట సూరత్‌లో నేనే చెప్పాలని అడిగింది. ఏళ్ల తరబడి మాటలు లేని మనిషి, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిన మనిషి, ఆ పని నాకే అప్పజెప్పింది. చెప్పడం అంటే పొగడటం కాదు, తిట్టడం కాదు. మా చిన్నప్పుడు లింగయ్య కాక గదిలో ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిలో చెప్పాలి. అది మిగతావాళ్లకు తెలియదు గనక ముందు ఆ గదిలోకి పోవాలి.

లింగయ్య కాక శాంత తండ్రి. మాకు చుట్టం కాదు, కానీ మా నాన్న, ఆయన ఒకే బస్సులో పల్లె విడిచి, ఒకే రైల్లో సూరత్ వచ్చి, ఒకే శేట్ కార్ఖానాలో మగ్గాల మీద చేరారు. అందువల్ల ఆయన నాకు కాక, ఆయన భార్య సత్తవ్వ చిన్నమ్మ. మా రెండు గదులకు మధ్య గోడ ఒక్క ఇటుక మందం. కాక దగ్గితే మా అమ్మ ఇటు నుంచి "సత్తవ్వా, జర మిరియాలు దంచి కాగవెట్టి పొయ్యి" అని కేకేసేది. గదుల కిందే కరెంటు మగ్గాలు. పగలూ రాత్రీ రెండు పాళీలుగా నడిచేవి గనక ఆ చప్పుడు ఆగేది కాదు. నేల వణికేది, పీట మీద పెట్టిన సత్తు గిన్నె మెల్లగా జరిగి జరిగి అంచుకు చేరేది. మా ఆడవాళ్లకు మాట్లాడుతూనే చేత్తో గిన్నెను వెనక్కి జరపడం అలవాటు. ఊరికి పోయినప్పుడు కూడా, కదలని నేల మీద, మా అమ్మ గిన్నెలు వెనక్కి జరిపేది. మేమందరం గట్టిగా మాట్లాడేవాళ్లం. గుజరాతీ ఇళ్లవాళ్లు మేము ఎప్పుడూ కొట్లాడుకుంటున్నామనుకునేవారు. కొట్లాట కాదు, వినబడాలంటే అంత గొంతు కావాలి.

ఆ గదుల వాసన ఇప్పటికీ ముక్కుపుటాల్లో ఉంది. మగ్గం నూనె, పడుగుకు పెట్టిన గంజి తడి, కిరసనాయిలు పొయ్యి, దాని మీద కాలుతున్న జొన్నరొట్టె, పక్క వరసలోంచి ఆవాలూ ఇంగువా చిటపటలాడే గుజరాతీ పోపు. మగవాళ్లు పాళీ దిగి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి నూగు పట్టి ఉండేది. కాక గుమ్మం బయట నిలబడి తలపాగా విప్పి మూడు వైపులా దులుపుకుని, ముక్కు చీది, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, అప్పుడు గాని లోపలికి వచ్చేవాడు కాదు. వచ్చి తిన్నగా కూర్చునేవాడూ కాదు. రోలు పక్కన సత్తవ్వ చిన్నమ్మ, శాంత కండెలు చుడుతుంటే ఒక కండె తీసి, వేలితో నొక్కి చూసి, వదులుగా ఉందని మళ్లీ చుట్టమనేవాడు. శాంత మూతి ముడిచేది కాని చుట్టేది. ఆమె నాకన్నా రెండేళ్లు చిన్న. అన్నా అని పిలవాలి. అవసరం ఉన్నప్పుడే అన్నా అనేది. మిగతా వేళల్లో రాజేశం. దాని మీద మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా, "ఆడివిల్ల ఏదో అంటది, నీకేం అరుగుతదిరా" అని కొట్టిపారేసేది. నాకు అరిగేది.

కాకకు ఇంకొక అలవాటు ఉండేది. దాని వల్ల మా ఇంటికి నష్టం జరిగింది గనక చెప్పకుండా ఉండలేను. నేస్తున్నప్పుడు ఒక్కోసారి పోగు తెగి, చూసుకునేలోపల గుడ్డలో సన్నటి సందు పడుతుంది. తాకా పూర్తయ్యాక, అంటే ఒక నిడివి గుడ్డ మగ్గం నుంచి దిగాక, శేట్ మనిషి దాన్ని వెలుతురులో పరిచి చూస్తాడు. సందు కనిపిస్తే కూలిలో కోత. కనిపించకపోతే నేతగాడి అదృష్టం. అందరూ ఆ అదృష్టం మీదే బతికేవారు. లింగయ్య కాక మాత్రం సందు పడ్డ చోట, అంచుకు, ఒక ఎర్ర దారప్పోగు ముడివేసేవాడు. తన తప్పు ఎక్కడుందో తనే గుర్తు పెట్టేవాడు. శేట్ మనిషి వెతకనక్కర లేదు. కొన్నాళ్లకు శేట్ మిగతావాళ్లను అడగడం మొదలుపెట్టాడు, లింగయ్య కడుతున్నాడు గదా, మీరెందుకు కట్టరు అని. మా నాన్నకు అందరి ముందు చీవాట్లు పడ్డాయి. ఆ రాత్రి ఒక్క ఇటుక గోడకు అటూ ఇటూ జరిగిన మాటలు నాకు గుర్తున్నాయి.

"నీ పుణ్యానికి మా కడుపు మీద కొడ్తున్నవు లింగన్నా," అన్నాడు మా నాన్న.

"నిన్ను కట్టుమన్ననా?" అన్నాడు కాక. "గుడ్డ ఏడికో పోతది. ఎవడో కుట్టిచ్చుకుంటడు. సందు ఆని చేతికి దొరుకుతది. ఆడు నన్ను ఎరుగడు, నేను ఆన్ని ఎరుగ. నడుమ గీ దారం ఒక్కటే ఉంటది."

"పెద్ద మాటలు."

"చిన్న దారమే గదనే."

మా నాన్న నాలుగు రోజులు ఆ గడప తొక్కలేదు. ఐదో రోజు మగ్గానికి కరెంటు కోత వచ్చిన సెలవు, పేపరు చదివే రోజు. మళ్లీ పోయి కూర్చున్నాడు. నేనైతే పోయేవాణ్ణి కాదు.

పేపరు చదవడమే నేను చెప్పదలుచుకున్న పద్ధతి. హైదరాబాదు నుంచి తెలుగు పేపరు రైలులో వచ్చి, మాకు అందేసరికి పాతబడేది. వారానికొక సెలవు రోజు ఆ వారం పేపర్లన్నీ కాక ముందు దొంతిగా ఉండేవి. తలంటుకుని, తల ఆరబెట్టుకుంటూ నేతగాళ్లు గదినిండా కూర్చునేవారు. చదివేది నేను. అచ్చు చదవగలిగిన పిల్లల్లో నా గొంతే పెద్దది. చదివాక వాదన. ఆ వాదనకు కాక ఒక నియమం పెట్టాడు. అవతలివాడితో పోట్లాడదలిస్తే ముందు అవతలివాడి మాట నువ్వు చెప్పాలి. వాడు తలూపి "అవు, గదే" అనాలి. అప్పుడు నీ మాట మొదలుపెట్టు. వాడు "గట్ల గాదు" అంటే మళ్లీ చెప్పు. చెప్పలేకపోతే లేచి పోయి నాకా మీది, అంటే కూడలిలోని, బండి నుంచి అందరికీ ఛాయ్ తీసుకురా. ఈ నియమం ఊరికే పుట్టలేదు. అంతకు ముందు సమ్మె రోజుల్లో ఒకే గదిలో పడుకునే మనుషులు రెండు జెండాల కింద చీలి ఇనప కడ్డీలతో తలలు పగలగొట్టుకున్నారు. కాక కుడి కన్ను పక్కన అప్పటి మచ్చ. కొట్టినవాడు కాక పక్కనే మగ్గం నడిపేవాడు. వాడేమి కోరుతున్నాడో దెబ్బ తిన్నాక, ఆస్పత్రిలో, అడిగి తెలుసుకున్నానని కాక అనేవాడు. "ముందే అడిగుంటె కన్ను సాఫ్‌గ ఉంటుండె" అని నవ్వేవాడు.

ఆ పేపర్లలో అప్పుడు వియత్నాం యుద్ధం వార్తలు వచ్చేవి. సూరత్ మగ్గాలవాళ్లకు వియత్నాంతో ఏం పని అని ఇప్పటివాళ్లు అడగవచ్చు. పని లేదు. దూరపు తగవు గనకనే తలలు పగలకుండా వాదించుకోవచ్చని కాక అలాంటివే ఏరేవాడు. ఒక రోజు నేను చదివాను, అమెరికాలో కుర్రవాళ్లు సైన్యంలో చేరమని సర్కారు పంపిన కాగితాలను బజార్లో నిలబడి కాలుస్తున్నారని. కొందరు కాలుస్తున్నారు, కొందరు మూట కట్టుకుని పోతున్నారు. నాకు రక్తం పొంగింది. చదివేవాడు చదవడం వరకే ఉండాలి, అయినా ఆగలేకపోయాను.

"మంచిగ జేసిండ్రు," అన్నాను. "పరాయి దేశం మీదికి ఎందుకు పోవాలె?"

"మంచిది. మరి పోయినోని మాట చెప్పు," అన్నాడు కాక.

"ఆనిది మాటేంది? పిరికోడు. లేకుంటె జీతానికి పోయిండు."

గదిలో ఎవరో దగ్గారు. గోడకు ఆనుకుని గంగారాం కూర్చున్నాడు. గంగారాం మన సైన్యంలో పనిచేసి, సరిహద్దు మంచులో కాలి వేళ్లు పోగొట్టుకుని వచ్చి, మగ్గం మీద చేరినవాడు. ఎక్కువ మాట్లాడడు. ఆయన నన్ను చూసి, "గట్ల గాదు" అన్నాడు. అంతే. ఇంకోసారి ప్రయత్నించాను. దేశభక్తి అన్నాను. "గట్ల గాదు." సర్కారుకు భయపడి అన్నాను. "గట్ల గాదు పిలగా." నా చెవులు మండుతున్నాయి. కాక నా వైపు చూడకుండా, మూల కండెలు చుడుతున్న కూతుర్ని పిలిచాడు.

"శాంతా, పోయినోడు ఏమంటడే?"

ఆమె రాట్నం ఆపలేదు. "నేను పోకుంటె నా బదులు పక్కింటోడు పోతడు. ఆడు సస్తె నేను బువ్వెట్ల దింట, అంటడు."

గంగారాం వేళ్లు లేని కాలు ముడుచుకున్నాడు. తర్వాత, మొహం పక్కకు తిప్పుకుని, "అవు, గదే" అన్నాడు.

నేను లేచి ఛాయ్‌కి పోయాను. వరస చివరిదాకా నవ్వులు వినిపించాయి. తెచ్చిన కెటిల్లోంచి అందరికీ పోశాక నాకు సగం కప్పే మిగిలింది. శాంతకు నిండా వచ్చింది. ఇది చిన్న సంగతి అంటారు. నాకు పన్నెండేళ్లు. గదినిండా మా నాన్న తోటివాళ్లు. పైగా ఆ రోజు నేను తప్పేమీ అనలేదు. పరాయి దేశం మీదికి పోకూడదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

తర్వాత జరిగిందంతా పొడుగు కథ, కుదించి చెబుతాను. నేను తెలుగు బడిలో పంతులునయ్యాను. శాంత సర్కారు ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని, గల్ఫ్‌కు, అక్కణ్ణుంచి అమెరికాకు పోయింది. అక్కడి పౌరురాలై, పై చదువుకు డబ్బిస్తారని సైన్యం నర్సుల్లో పేరు రాయించుకుంది. నెలకు కొన్ని రోజుల పని, పిలుపు వస్తే పోవాలి. ఇరాక్ మీద యుద్ధం మొదలయ్యాక పిలుపు వచ్చింది. పోయింది. ఆ రోజుల్లో నేను సంఘం గోడపత్రికకు రాసేవాణ్ణి. ఆ యుద్ధం అన్యాయమని, లేని ఆయుధాల పేరు చెప్పి ఒక దేశాన్ని కూల్చారని రాశాను. చివర, జీతం కోసం ఆ దుస్తులు తొడిగిన మన బిడ్డలు కూడా ఆ రక్తంలో భాగస్తులేనని రాశాను. పేరు రాయలేదు. రాయనక్కర లేదు, సూరత్ తెలుగువాళ్లలో అలాంటి బిడ్డ ఒక్కతే.

యుద్ధం నుంచి తిరిగొచ్చాక, కాక పోయినప్పుడు శాంత సూరత్ వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది, చీర కొంగు మాటిమాటికీ జారుతుంటే చిరాకు పడుతోంది. దినాలయ్యాక సంఘం హాల్లో అందరూ భోజనాలకు కూర్చోబోతుంటే ఆమె గోడపత్రిక దగ్గర నిలబడి నా వ్యాసం మొత్తం చదివింది. నిదానంగా, కాక కండె నొక్కి చూసినట్టు. చదివి వెనక్కి తిరిగింది. నా పక్కన నా విద్యార్థులు ఉన్నారు.

"రాజేశం," అంది. "యుద్ధం సంగతి కరెక్టే రాసినవు. ఇగ నా దిక్కు మాట చెప్పు. చెప్పి అప్పుడు తిట్టు."

"చెప్పనీకి ఏమున్నది? జీతం."

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "ఛాయ్ తీస్కరా పో," అంది.

పాతవాళ్లకు అర్థమైంది. వాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లు నవ్వారని నా విద్యార్థులు నవ్వారు. చావు భోజనాల దగ్గర నేను నవ్వులపాలయ్యాను. ఆ రోజు విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశాను. ఆమె తిరిగి వెళ్లేముందు మా ఇంటికి వచ్చిందట, నేను లేనని చెప్పించాను. తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. పండక్కి సంఘం వాళ్లందరికీ ఆమె శుభాకాంక్షలు పంపితే, నా పేరున్న వరుస చూడకుండా దాటేసేవాణ్ణి.

కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. నేను అప్పటికి తాపీ నది అవతల అమ్రోలిలో ఉంటున్నాను. పల్సానా వైపు మిల్లుల నుంచి, నగరంలోని కార్ఖానాల నుంచి మన తెలంగాణ పిల్లలు, ఒడిశా పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని వంతెన మీదుగా పోవడం కిటికీలోంచి చూశాను. వాళ్ల గురించి అధికారులకు రాసిన అర్జీలకు నాకు ఈనాటికీ జవాబు రాలేదు. వాళ్లు పోయాక ఊరు నిశ్శబ్దమైంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి సూరత్‌ను ఆ చప్పుడు లేకుండా వినలేదు నేను. మా ఆవిడ పక్క గదిలో బియ్యం ఏరుతుంటే గింజ పళ్లెంలో పడటం వినబడింది. ఆ నిశ్శబ్దంలో ఒక ఉదయం ఫోను మోగింది. తెర మీద ఒక ముసలామె. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు కోసిన ఎర్రటి గాట్లు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"అన్నా," అంది. ఏదో అవసరం ఉందని అర్థమైంది.

ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నదల్లా, మనుషులు చాలడం లేదని మళ్లీ ఆస్పత్రికి పోతోందట. అక్కడి సంగతులు చెప్పింది. ఎన్నికల కాలం. మాస్కు పెట్టుకుంటే ఒక పార్టీ, పెట్టుకోకపోతే ఇంకో పార్టీ. ఊపిరి అందని రోగి, ఈ జబ్బే అబద్ధమని నర్సును తిడతాడట. ఆమె భర్త ఒక వైపు, కూతురు ఒక వైపు. ఒకే ఇంట్లో ఉండి, నెలల తరబడి ఇద్దరి మధ్య మాట లేదు. "ఇద్దరి మాట నేను చెప్పగలుగుత అన్నా. ఆయినెకు బిడ్డ మాట, బిడ్డకు ఆయినె మాట. చెప్తె ఇద్దరూ నన్నే తిడ్తున్నరు. ఎవరూ అవు గదే అనరు. గా అలవాటే లేదు ఈడ," అంది. ఇక్కడ కూడా పోయిందని చెప్పాను. మా గ్రూపుల సంగతి చెప్పాను. తర్వాత ఆమె, హాలు సంగతి ఎత్తకుండా, క్షమాపణ గిమాపణ లేకుండా, అసలు విషయానికి వచ్చింది.

ఇరాక్‌లో గుడారం ఆస్పత్రి. గాయపడ్డవాళ్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నర్సు ఒకతె నిలబడి చూసి, మణికట్టుకు రంగు చీటీ కడుతుంది. ఎర్రది కడితే వెంటనే లోపలికి, పసుపుది కడితే ఆగాలి. ఏ దేశంవాడని చూడకూడదు, గాయమే చూడాలి. అది అక్కడి నియమం. ఒక మధ్యాహ్నం శాంత ముందుకు ఇద్దరు వచ్చారు. ఒకడు అమెరికా సైనికుడు, ఇంకొకడు ఆ ఊరి మనిషి, నడివయసువాడు. గాయాలు సమానం. లోపల ఖాళీగా ఉన్న ఆపరేషన్ బల్ల ఒక్కటే. సైనికుడు తన తల్లికి చెప్పమని ఏదో అంటున్నాడు, అది ఆమెకు అర్థమవుతోంది. రెండోవాడు కూడా ఏదో అంటున్నాడు, అర్థం కావడం లేదు. ఆమె చెయ్యి అర్థమైనవాడికి ఎర్ర చీటీ కట్టింది. రెండోవాడు బల్ల ఖాళీ అయ్యేలోపు పోయాడు. ఎవరూ అడగలేదు. సాయంత్రం తనే పోయి పై డాక్టరుకు చెప్పింది. గాయాలు సమానమైనప్పుడు ఎవరో ఒకరిని ఎంచాలి గదా, నీ తప్పేమీ లేదన్నాడాయన. "తప్పు లేకపోవచ్చు," అంది శాంత నాతో. "కట్టింది మాత్రం నేనే."

తను పోతే సూరత్‌లో తన బొమ్మకు దండ వేస్తారని, లేకపోతే బూతులు తిడతారని ఆమెకు తెలుసు. రెండూ వద్దంది. నన్ను చెప్పమంది.

"నన్నెందుకు? సంఘంల నిన్ను మెచ్చుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

"మెచ్చుకునేటోడు చెప్తె అది పొగడ్త అయితది. నువ్వు నన్ను ఒప్పుకోవు. నువ్వే చెప్పాలె."

"ఇప్పటికీ ఒప్పుకోను."

"గందుకే," అంది.

అప్పటి నుంచి వారానికొకసారి ఫోను చేసేది. నేను ఆమె మాట చెప్పేవాణ్ణి, ఆమె వినేది. యుద్ధమే అన్యాయం గనక నీ చేత అట్లా చేయించిందని చెప్పాను. "గట్ల గాదు. యుద్ధం అన్యాయం, అది ఏరే. చీటీ నాది. రెండూ కలపకు. అమెరికా మీద వేసి నన్ను తప్పియ్యకు, నన్ను చూపెట్టి అమెరికాను తప్పియ్యకు." ఇంకో వారం, నువ్వు ఎంతమందిని బతికించావో అది కూడా లెక్కలోకి రావాలని చెప్పాను. "గట్ల గాదు. అది నా పని. పని చేసినందుకు సందు పూడుతదా?" ఇంకోసారి, నీకు వేరే దారి లేదన్నాను. ఆమె నవ్వింది. "దార్లున్నయి. పిలుపు వొచ్చినప్పుడు తప్పించుకున్నోళ్లను ఎరుగుదు. నేను పోకుంటె నా పక్క మంచాల కాడ పనిచేసే పిల్ల పోతుండె. ఆమెకు చంటిపిల్ల. గందుకు పోయిన. జీతానికి చేరిన, గందుకు పోయిన. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాయకు." నాకు విసుగు వచ్చేది. ఒక ముసలివాణ్ణి పట్టుకుని బడిపిల్లవాడిలా మళ్లీ మళ్లీ అప్పజెప్పించుకోవడమేమిటని అన్నాను కూడా. "ఛాయ్ తెస్తవా మరి?" అంది. ఆ మాటకు నవ్వే స్థితిలో లేను. నాకు ఆమె బాకీ పడ్డ మాట ఒకటి ఉంది, హాలులో నన్ను నవ్వులపాలు చేసినందుకు. ఆ మాట వస్తుందేమోనని ప్రతి వారం చూశాను. రాలేదు.

ఆఖరి ఫోనులో ఆమె దగ్గుతోంది. ఊరికేనంది. ఆ వారమంతా నేను కూర్చుని ఆలోచించాను, వంటింట్లో నడుస్తూ నాలో నేను చెప్పుకున్నాను, చివరకు ఒక పద్ధతిలో కుదిరిందనిపించింది. తర్వాతి వారం ఫోను రాలేదు. నేను చేస్తే ఆమె కూతురు ఎత్తింది. తెలుగు రాదు. గొంతులోకి గొట్టం వేశారని, మాట్లాడలేదని, వచ్చీరాని హిందీలో చెప్పింది. వెనక నుంచి ఒక మగ గొంతు ఆమెను ఏదో అడిగింది, ఆమె జవాబు చెప్పింది. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకుంటున్నారని అర్థమైంది. ఆ సంగతి శాంతకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు.

సంతాప సభ ఫోన్‌లోనే జరిగింది. తెర నిండా చిన్న చిన్న గళ్లలో మొహాలు. అధ్యక్షుడు జోహార్లు చెప్పాడు, ఒకతను మధ్యలో అడ్డం తగిలాడు, ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా అరిచారు. నన్నెవరూ పిలవలేదు. నేనే చెయ్యెత్తాను. చెయ్యెత్తి చాలాసేపు కూర్చున్నాను. చివరకు అధ్యక్షుడు, "సార్, జర జల్దీ" అన్నాడు.

ఇలా చెప్పాను. "శాంత పోయిన యుద్ధం అన్యాయం. నేను అప్పుడు రాసిన, ఇప్పుడూ అంట. ఆమె గూడ అన్నది. ఆమె సైన్యంల చేరింది చదువు పైసలకు. పిలిస్తె పోయింది, తన బదులు పోయే పిల్లకు చంటిపిల్ల ఉన్నదని. రెండూ నిజమే. ఆడ ఎంతోమందికి కట్లు కట్టింది, అది ఆమె పని. ఇద్దరు సమానంగ గాయపడి వొస్తె, తనకు మాట తెలిసినోన్ని ముందు పంపింది. మాట తెలువనోడు సచ్చిపోయిండు. ఎవరూ అడుగలె. తనే చెప్పింది. దేశం చేయించింది అనలె, యుద్ధం చేయించింది అనలె, నా చెయ్యి కట్టింది అన్నది. ఆ మనిషి పేరు ఆమెకు తెల్వదు. ఆని మాట ఏందో తెలుసుకోవాలని తర్వాత ఆ భాష నాలుగు మాటలు నేర్చుకున్నది. ఆడు అన్నది నీళ్లు అని అయ్యుండొచ్చు అన్నది. ఆమె వీరవనిత గాదు. హంతకురాలు గాదు. లింగయ్య బిడ్డ. సందు పడ్డకాడ దారం కట్టింది."

చెప్పి ఆగాను. అలవాటు కొద్దీ ఎదురుచూశాను. గళ్లలో మొహాలు కదలలేదు. "థాంక్యూ సార్" అన్నాడు అధ్యక్షుడు. బూడిద చేసిన సైన్యం అన్నతను, నేను ఆమెను వెనకేసుకొచ్చానన్నాడు. బొమ్మ వేసిన పిల్లవాడు, నేను ఆమెను చిన్నబుచ్చానన్నాడు. లింగయ్య ఎవరని ఎవరో అడిగారు. కాక గదిలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే జ్ఞాపకం వచ్చారు. మా నాన్న, గంగారాం, మూల రాట్నం. ఇనప కడ్డీతో కొట్టినవాడి మాట కూడా అడిగి తెలుసుకున్న మనుషులు వాళ్లు. చదువు లేదు, పాతబడ్డ పేపరు తప్ప దిక్కు లేదు, అయినా ఎదుటివాడు తలూపేదాకా ఆగేవారు. ఇప్పుడు ప్రతివాడి చేతిలో ప్రపంచం మొత్తం ఉంది. ఎదుటివాడు తలూపాడా లేదా చూసేవాడు లేడు. నేను చెప్పింది సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె లేదు.

ఫోను కట్టేశాను. 'అవు, గదే' అన్న మాట రాలేదు. రాకపోతే ఏం చేయాలో నాకు పన్నెండేళ్లప్పటి నుంచి తెలుసు. లేచి వంటింట్లోకి పోయి ఛాయ్‌కి పెద్ద గిన్నె దించి నీళ్లు పోశాను.

"గిన్ని నీళ్లెందుకు?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "ఎవరొస్తున్నరు?"

పొయ్యి వెలిగించాను.